తాళం తిప్పిన చేతులు

నేను ఒక స్టార్టరు మోటారును. పేరు విన్నారో లేదో తెలియదు. చాలామందికి నా పేరు తెలిసేసరికి నేను చెడిపోయి ఉంటాను. కారుకు ఇంజనుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చక్రాలు కంటికి కనిపిస్తాయి, హారను చెవికి వినిపిస్తుంది. నేను మాత్రం ఇంజను పక్కన, అడుగున, నూనె మరకల మధ్య పడి ఉంటాను. మీరు తాళం తిప్పగానే లేస్తాను. నా చిన్న పళ్ళచక్రాన్ని ముందుకు తోసి, ఇంజను పెద్ద చక్రాన్ని పట్టుకుని గిర్రున తిప్పుతాను. ఇంజను అందుకుందంటే వెనక్కి జరిగి మళ్ళీ పడుకుంటాను. వచ్చిన చుట్టాలను పలకరించి, పీటలు వాల్చి, తను వంటింట్లోకి తప్పుకునే ముసలమ్మను మీరు చూసే ఉంటారు. అచ్చంగా ఆవిడ లాంటి దాన్నే. తర్వాత ఆ బండి అన్నవరం వెళ్ళిందా, ఆసుపత్రికి వెళ్ళిందా అన్నది నన్నెవరూ అడగరు, నేనూ పట్టించుకోను.

నాకు అక్షరం ముక్క రాదు. నా ఒంటిమీద ఏవో అంకెలు చెక్కారు, అవేమిటో నేనెరగను. కానీ ఒక్కసారి నన్ను లేపిన చెయ్యిని మరిచిపోవడం మాత్రం నాకు చేతకాదు.

పుట్టుక గురించి చెప్పమంటే చెప్పడానికి ఎక్కువ లేదు. ఒక పెద్ద షెడ్డు, నిండా మిషన్ల చప్పుడు. నాకు రాగితీగ చుట్టిన పిల్ల, చుట్టినంతసేపూ పక్క పిల్లతో తన పన్నునొప్పి గురించే చెప్పుకుంది. అందువల్ల నా జన్మస్థలం గురించి నాకు తెలిసిందల్లా, అక్కడ ఒక పిల్లకు ఎడమ దవడ పన్ను పుచ్చిందని. ఆ నొప్పిలోనూ తీగ వంకర పోకుండా చుట్టింది. ఆ చేతి పనితనమే నన్ను ఇన్నాళ్ళు నిలబెట్టింది.

నన్ను బిగించిన కారును మొదట కొన్నది అంబాజీపేట కొబ్బరి వర్తకుడు. ఆయనకు కారంటే ఎంత ప్రేమంటే, గీత పడుతుందని రోడ్డెక్కించేవాడు కాదు. ఆదివారం పొద్దున్నే వచ్చి, ముసుగు తీసి, తాళం తిప్పి, ఇంజను మోత కాసేపు విని, తృప్తిగా తల ఊపి, ఆపేసి, మళ్ళీ ముసుగు కప్పేవాడు. ఊరికి మాత్రం బస్సులో వెళ్ళేవాడు. మనుషులు దేన్ని ఎక్కువ ప్రేమిస్తారో దాన్నే తక్కువ వాడతారని అప్పుడే తెలుసుకున్నాను. ఆయన పోయాక కొడుకులు కారును త్రిమూర్తులుకు అమ్మేశారు. అక్కణ్ణుంచి మొదలైంది నా అసలు కాపురం.

త్రిమూర్తులు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే మాస్టారు. కారెక్కి నేర్చుకునేవాళ్ళ సంగతి మీకు తెలుసుగా, క్లచ్చి వదలగానే బండి ఎగిరి ఆగిపోతుంది. మళ్ళీ నన్ను లేపాలి. మామూలు కారులో స్టార్టరు పూటకు ఒకటి రెండుసార్లు లేస్తుంది. నేను వీధి మలుపు తిరిగేలోపే అన్నిసార్లు లేచేదాన్ని. నేనెన్ని చేతులు చూశాననుకున్నారు! ఒక పంతులుగారు కళ్ళు మూసుకుని, దేవుడి పేరు పూర్తిగా చెప్పాక గానీ తాళం తిప్పేవాడు కాదు. ఒక డాక్టరు, ఇంజను లేచాక కూడా లేవలేదనుకుని ఇంకోసారి తిప్పేవాడు. అప్పుడు నా పళ్ళు కర్రుమని అరిగేవి. అంత చదువుకున్నాయనకు ఓపిక మాత్రం ఎక్కడా నేర్పినట్టు లేరు. కొత్తగా పెళ్ళయిన ఒక పిల్లయితే తాళాన్ని గాజు బొమ్మలా పట్టుకునేది. నేను లేవాలో వద్దో నాకే తెలిసేది కాదు.

మాస్టారు ఎవరినీ తిట్టేవాడు కాదు. "ఆగిపోతే ఏమైంది? మళ్ళీ తిప్పండి" అనేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకునేవాడు కాదు. బండి దిగితే తాళం చేతిలో ఉండాలి. ఒక్క అడుగు కింద పెట్టినా సరే, ఇంజను ఆపి, తాళం పీకి, చేతిలో పట్టుకునే దిగాలి. ఎప్పుడో ఎవరో తాళం వదిలి దిగితే బండి వెళ్ళి పంటకాలవలో పడిందట. ఆ భయం ఆయన నేర్పినవాళ్ళందరి చేతుల్లోకీ ఎక్కింది.

తర్వాత ఆయన కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చింది. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి వెలుగూ చీకటీ మాత్రమే మిగిలాయి. గేటుమీద బోర్డు దించేశారు. కారు రేకుల పందిరి కింద నిలబడిపోయింది. రావులపాలెంలో పాత కార్లు కొని అమ్మే గున్నేశ్వరరావు వచ్చి చూసుకుని, మాట ఖాయం చేసుకుని వెళ్ళాడు.

అప్పుడు ఆయన భార్య వీరవేణి అడ్డం పడింది. అన్నేళ్ళూ ఆ కారును కడగడమే తప్ప, తాళం ముట్టుకోని మనిషి ఆవిడ.

"బండి అమ్మొద్దండి. నేను నేర్సుకుంటాను" అంది.

"నువ్వా? ఈ వయసులోనా?"

"నాకంటే పెద్దోళ్ళకి నేర్పారుగా. కంటి డాట్టరు కాడికి కాకినాడ ఎళ్ళాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడాల్సొత్తంది. నాకు నచ్చట్లేదు."

మాస్టారు ఒక షరతు పెట్టాడు. "లైసెన్సు తెచ్చుకుంటే అమ్మను. తప్పితే మాత్రం గున్నేశ్వరరావు తోలుకుపోతాడు" అన్నాడు.

పక్కింటి ఏసురత్నం స్కూలు బస్సు తోలేవాడు. లైసెన్సున్న మనిషిగా ఆవిడ పక్కన అతను కూర్చునేవాడు. వెనక సీట్లో మాస్టారు. సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే కొబ్బరికాయల యార్డులో నేర్పేవారు. కళ్ళు కనపడని మాస్టారు ఇంజను చప్పుడునుబట్టి, సీటు అదురునుబట్టి పాఠం చెప్పేవాడు. "క్లచ్చి సగమే వదిలావు, అదిగో మూలుగుతంది ఇను" అనేవాడు. మూలిగేది ఇంజను, మధ్యలో నలిగేది నేను. అయినా ఆ చెయ్యి నాకు నచ్చింది. చెంబు బోర్లించినట్టు, నింపాదిగా తిప్పేది.

మొదటిసారి పరీక్షలో ఆవిడ తప్పింది. ఎత్తు ఎక్కే చోట బండి ఆగి ఆగి వెనక్కి జారిపోయింది. రెండో పరీక్ష శుక్రవారం, అమలాపురంలో. గున్నేశ్వరరావుకు కూడా ఆ రోజే రమ్మని కబురు వెళ్ళింది. పాసయితే ఉత్త చేతులతో వెళ్తాడు, తప్పితే బండితో వెళ్తాడు.

గురువారం పొద్దున నేను లేవలేదు.

"ఏవండీ, టక్కుమంటంది గానీ తిరగట్లేదు" అని కారులోంచి కేకేసింది వీరవేణి.

వరండాలో కుర్చీలో ఉన్న మాస్టారు చెవి ఇటు తిప్పాడు. "ఇంకోసారి."

టక్.

స్కూలుకు సెలవులు కావడంతో ఇంట్లోనే ఉన్న ఏసురత్నం గోడ అవతలనుంచి తల పైకెత్తాడు. "బేటరీ అయిపోయుంటాది మాస్టారూ."

"నువ్వుండు. ఏమేవ్, హారను కొట్టు."

ఆవిడ కొట్టింది. వీధి చివర కుక్క లేచి మొరిగింది.

"ఆ అరుపు అరిసే బేటరీ సచ్చిపోయిందంటావేంట్రా? లైట్లు గోడకేసి ఎయ్యి వేణీ. ఏశావా? ఇప్పుడు తాళం తిప్పి సూడు. ఎలుతురు తగ్గిందా?"

"తగ్గలేదండి."

"బాగా సూడు."

"గోడమీద బల్లి తోక కూడా కనపడతంది. ఇంకేం సూడమంటారు?"

మాస్టారు గడ్డం నిమురుకున్నాడు. బ్యాటరీ నీరసించినా, నేను లోపల బిగిసిపోయినా, తాళం తిప్పినప్పుడు లైట్లు మసకబారతాయి. అవి తళతళలాడుతున్నాయంటే కరెంటు నా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేకపోతోందన్నమాట. ఆయన అదే మాట చెప్పాడు. "స్టార్టరు తలుపు తియ్యట్లేదే. దాని నెత్తిన నెమ్మదిగా తట్టండి. సుత్తి వద్దు."

వీరవేణి వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి ఏసురత్నం చేతికిచ్చి, తను వెళ్ళి తాళం దగ్గర కూర్చుంది. నా బతుకులో నన్ను అప్పడాల కర్రతో కొట్టడం అదే మొదలు. టకటకమని రెండు తగిలాయి. లోపల ఎక్కడో అంటుకుని గిర్రున తిరిగాను. ఇంజను లేచింది!

"లేసింది మాస్టారూ!" అని ఏసురత్నం గంతేశాడు.

వీరవేణి ఆ సంతోషం పట్టలేకపోయింది. మొగుడికి ఎదురుగా నిలబడి చెప్పాలనిపించింది. తలుపు తీసింది. ఇంజను ఆపింది. తాళం పీకింది. చేతిలో పట్టుకుని దిగింది.

చప్పుడు ఆగిపోయింది.

"ఆపేశావేంటే!" అన్నాడు మాస్టారు.

"దిగాను కదండీ" అంది ఆవిడ, తాళం చూపిస్తూ.

మాస్టారు మాత్రం ఏమంటాడు పాపం, జీవితమంతా చెప్పింది ఆయనేగా! ఏసురత్నం నవ్వు ఆపుకోవడానికి కారు చాటుకు వెళ్ళాడు.

ఆ తర్వాత కర్ర విరిగేదాకా కొట్టినా నేను లేవలేదు. మొండితనం కాదు, చేతకాలేదు.

"పోనీ అక్కా, రేపు పొద్దున నలుగురం కలిసి తోసి లేపుదాం. అమలాపురం దాకా ఆపకుండా ఎళ్ళిపోదాం" అన్నాడు ఏసురత్నం.

"ఎళ్ళాక? ఎత్తుమీద మళ్ళీ ఆగిపోతే? ఇనస్పెక్టరుగారిని దిగి తొయ్యమంటానా తమ్ముడూ?"

దగ్గరలో ఉన్న మెకానిక్కు చెల్లెలి పెళ్ళికి వెళ్ళాడు. మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "రత్నం, నువ్వు నీ మోటారుసైకిలేసుకుని అమలాపురం ఎళ్ళి, బాగుచేసిన స్టార్టరు ఇదే రకానిది ఒకటి అట్టుకురా. పాతది మేము ఇప్పుతాం."

"మేమంటే ఎవరండీ?" అంది వీరవేణి.

"నీ కళ్ళు, నా నోరు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక కారు ముందు మూత ఎత్తారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేతిగాజులు తీసి కిటికీలో పెట్టింది.

"ముందు బేటరీకి నల్లవైరు తియ్యి. అది తియ్యకుండా స్టార్టరు మీద పానా ఏశావంటే నిప్పులు లేత్తాయి."

నల్లవైరు తీసింది. పైన అడ్డంగా ఉన్న గాలి డబ్బా తీసింది. అప్పుడు మొట్టమొదటిసారి నామీద ఎండ పడింది. ఆవిడ వంగి నన్ను చూసింది. నేనూ ఆవిణ్ణి చూశాను. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, మొహాలు చూసుకోవడం అదే మొదలు.

"లావు వైరు ఉంటాది సూడు, దానికి రబ్బరు టోపీ. టోపీ తీసి నట్టు ఇప్పు."

"టోపీ తీశానండి. ఇదేంటి, లోపలంతా పచ్చగా పొంగిపోయింది? ఇత్తడి సెంబుకి సిలుం పట్టినట్టుంది. పసుపు కూడా ఉంది. కుంకం కూడా."

మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"దసరాకి కొబ్బరికాయ కొట్టి నీళ్ళెక్కడ పోత్తారండీ మీరు?"

"ఇంజను మీద" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"ప్రతేడూనా?"

"ఆయుధపూజ అంటే మరి ఆయుధానికి పొయ్యరా?"

అదీ సంగతి. ప్రతి దసరాకూ ఆయన ఇంజనుకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు ఒక్క చుక్క నేలపాలు కాకుండా దానిమీద ధారగా పోసేవాడు. కోనసీమ కాయల్లో నీళ్ళకు కరువేముంది! వేడి ఇంజనుమీద పడ్డది ఆవిరైపోయేది. మిగిలినదంతా పసుపునూ కుంకాన్నీ కలుపుకుని కారుతూ కారుతూ అడుగున ఉన్న నా దగ్గరకు చేరేది. రాతి దేవుడైతే తట్టుకునేవాడు. నాది రాగి ఒళ్ళు. కొంత ఆ డాక్టరుగారి తొందర, కొంత ఈ మాస్టారి భక్తి. నన్ను చెడగొట్టినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు.

"దేవుడికి కొట్టిన కాయ నీళ్ళు దేవుడికి పొయ్యాలి, లేదంటే నా గొంతులో పొయ్యాలి. ఎండలో పూజ సామానంతా మోసేది నేను" అంది వీరవేణి నట్టు విప్పుతూ.

"సరేలే, పని సూడు" అన్నాడు ఆయన. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

లావు వైరు వచ్చింది. సన్నవైరు లాగితే వచ్చేసింది. నన్ను పట్టి ఉంచినవి రెండు బోల్టులు. పైది తేలిగ్గానే తిరిగింది. కిందిది తిరగలేదు. ఆవిడ బలమంతా పెట్టింది. మోచెయ్యి గీసుకుపోయింది. కొంగుతో రక్తం తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. రాలేదు. కూర్చుండిపోయింది.

"నావల్ల కాదండి. ఇది నాకు రాసిపెట్టి లేదు. ఆ గున్నేశ్వరరావుకి ఫోను చెయ్యండి, తోలుకుపొమ్మనండి."

మాస్టారు తడుముకుంటూ వచ్చి కారు అంచు పట్టుకున్నాడు. "నీ చెయ్యేది?"

ఆవిడ చెయ్యి పానామీద పెట్టించి, దానిమీద తన చెయ్యి వేశాడు. ఆయన చెయ్యి లావు, ఆ సందులో ఒంటరిగా పట్టదు. ఆవిడ చేతిలో బలం చాలదు. "బిగించే వైపు కొంచెం తిప్పుదాం, తర్వాత ఇప్పుదాం" అన్నాడు. ఆవిడకు అది తలకిందులుగా తోచినా ఊరుకుంది. ఇద్దరూ కలిసి అటొకసారి, ఇటొకసారి తిప్పారు. కీచుమంది. ఇంకోసారి అంది. తుప్పు రాలి కదిలింది.

నేను ఆవిడ రెండు చేతుల్లోకి జారిపోయాను. "అమ్మో, ఇంత బరువుందేంటండీ!" అని నన్ను తీసుకెళ్ళి వరండా మెట్టుమీద, పాత గోనెసంచిపై పెట్టింది.

ఏసురత్నం తెచ్చిన స్టార్టరు నాకంటే శుభ్రంగా, నల్లరంగు పూసుకుని ఉంది. దానిమీద నాకు అసూయ ఏమీ కలగలేదు. మెట్టుమీదనుంచి చూస్తూ కూర్చున్నాను. అది కూర్చుంది, బోల్టులు బిగిశాయి, లావు వైరెక్కింది, గాలి డబ్బా ఎక్కింది, నల్లవైరు చివరికి వచ్చింది. మాస్టారు చెప్పిన వరసలో ఒక్కొక్కటీ చేసి, ఆవిడ తాళం తిప్పింది.

ఏ చప్పుడూ లేదు. టక్కు కూడా లేదు.

ఏసురత్నం మొహం వాడిపోయింది. మాస్టారు మాత్రం వెంటనే అడిగాడు. "సన్నవైరు పెట్టావా?"

ఆవిడ చూసుకుంది. బ్యాటరీ పక్కన సన్నవైరు వేలాడుతోంది. "మీరు సెప్పలేదు" అంది.

"నేను మర్సిపోయాను" అన్నాడు ఆయన.

మళ్ళీ నల్లవైరు తీసి, గాలి డబ్బా తీసి, సన్నవైరు తగిలించి, అన్నీ మొదటినుంచి బిగించింది. తాళం తిప్పింది. కొత్తది లేచింది, ఇంజను అందుకుంది, పందిరి రేకులు అదిరాయి. ఈసారి ఆవిడ సీట్లోంచి కదలకుండా, "ఏవండీ, నేను దిగట్లేదు!" అని అక్కణ్ణుంచే అరిచింది.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ వెళ్ళిపోయారు. నేను మెట్టుమీదే ఉన్నాను. కాస్త ఎండెక్కాక గున్నేశ్వరరావు వచ్చి, ఎవరూ లేకపోవడంతో నా పక్కనే కూర్చున్నాడు. కాలు ఊపుతూ పందిరి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన చూపు కొనేవాడి చూపు. ఎటు చూసినా ధర కడుతుంది.

చాలాసేపటికి కారు వచ్చింది. గేటు దగ్గర ఒకసారి ఆగిపోయింది. మళ్ళీ లేచి లోపలికి వచ్చింది. డ్రైవరు సీట్లో వీరవేణి. పక్క సీట్లో మాస్టారు. ఏసురత్నం వెనక సీట్లో, నేర్చుకునేవాళ్ళు కారుకు అంటించుకునే ఎర్ర అక్షరం అట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం మాస్టారూ, బండి తోలుకెళ్ళనా?" అంటూ లేచాడు గున్నేశ్వరరావు.

"నన్నడుగుతావేం? తోలేది ఆవిడ."

వీరవేణి తాళం చేతిలో పట్టుకుని దిగింది. "ఎత్తుమీద మళ్ళీ ఆగిపోయిందండి. పేణం పోయిందనుకోండి. బ్రేకట్టుకుని తాళం తిప్పాను, లేసింది. ఎనక్కి జారకుండా ఎక్కేశాను. దిగాక ఇనస్పెక్టరుగారు 'నీకు నేర్పిందెవరమ్మా?' అన్నారు. మా ఆయనండి అన్నాను. 'ఆయనకి కళ్ళు కనపడట్లేదుగా?' అన్నారు. నోరు పనిచేత్తందండి అన్నాను."

మాస్టారు పకపకా నవ్వాడు. ఆయన కళ్ళకు జబ్బు వచ్చాక అంత నవ్వు ఆ ఇంట్లో నేను వినలేదు.

గున్నేశ్వరరావు తల గోక్కున్నాడు. "బాగానే ఉంది గానీ, ఇంత దూరం వచ్చాను. ఒట్టి చేతుల్తో ఎల్లమంటారా?"

"ఇది అట్టుకెళ్ళండి" అని వీరవేణి నన్ను చూపించింది.

"ఆగు" అన్నాడు మాస్టారు. మెట్టు దగ్గర కూర్చుని నన్ను ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళతో ఒకసారి అంతా తడిమాడు. "ఈ సుట్టుపక్కలోళ్ళందరికీ బండి నేర్పింది ఇదే."

"మీరు కాదేంటి?"

"నేను మాటలు సెప్పాను. కష్టం ఇది పడింది" అని నన్ను గున్నేశ్వరరావు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు రావులపాలెంలో ఆయన షెడ్డులో, ఇనప సామాను కుప్పలో ఉన్నాను. ఏదో ఒకరోజు నన్ను విప్పి, లోపలి రాగిని వేరు చేస్తారట. చెయ్యనివ్వండి. ఆ పన్నునొప్పి పిల్ల చుట్టిన తీగ బయటికి వస్తే, చూసినవాళ్ళు మెచ్చుకోకుండా ఉండలేరు.

మొన్న గున్నేశ్వరరావు కాకినాడనుంచి విసుక్కుంటూ వచ్చాడు. కంటి ఆసుపత్రి గేటు ముందు ఏదో కారు అడ్డంగా ఆగిపోయిందట. ఈయన హారనుమీద హారను కొట్టాడట. లోపల ఉన్న ఆడమనిషి వెనక్కి కూడా చూడలేదట. పక్కన నల్లద్దాల మొగుడు ఏదో చెబుతుంటే నింపాదిగా తాళం తిప్పుకుని, నింపాదిగా లోపలికి తోలుకుపోయిందట. "ఆ మాస్టారి పెళ్ళామేరా! అంత మంచి బేరం పాడు చేసుకున్నారు, తిక్క మనుషులు" అని పనివాడితో చెబుతూ, ఎక్కణ్ణుంచో తెచ్చిన ఇంకో పాత స్టార్టరును నా పక్కన విసిరేశాడు.

అది పాపం కొత్తగా వచ్చిన బెదురుతో నోరు మెదపకుండా పడి ఉంది. కబుర్లు నేనే మొదలుపెట్టాను. అలవాటు.